ఎల్ఫులకూ సంత కావాలి

జగదల్‌పూర్ బస్టాండుకు కాస్త అవతల నాదొక చిన్న దుకాణం ఉంది. ఆన్‌లైన్ ఫారాలు నింపుతాను, ఫోటోలు తీస్తాను, జిరాక్సులు, లామినేషన్ చేస్తాను. ఎక్కువగా వచ్చేది మాత్రం ఆధార్ కార్డులో పుట్టిన తేదీ సరిచేయించే పని. దక్షిణ బస్తర్ నుంచి వచ్చే చాలామందికి కార్డు మీద జనవరి ఒకటో తారీఖే ఉంటుంది. అంటే మేమంతా ఒకే రోజున, చలికి వణుకుతూ, లైను కట్టి పుట్టామన్నమాట. "అసలు ఎప్పుడు పుట్టావమ్మా?" అని అడిగితే, "ఇప్పపువ్వు బాగా రాలిన ఏడు, కొత్త మామిడికాయల పండుగకు ముందు, సంత అయిన రెండో నాడు" అంటారు. ఇంత వివరం ఏ ఆసుపత్రి కాగితంలోనూ ఉండదు. అయినా కంప్యూటర్‌కు అందులో ఒక్క ముక్క ఎక్కదు.

ఈ సంతల లెక్క వల్లే నా స్నేహితురాలు నాకు దూరమైందని పన్నెండేళ్ళ పాటు కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. నాకు ఉన్నది ఆ ఒక్క స్నేహితురాలే. ఆ తర్వాత పరిచయాలు చాలా అయ్యాయి గానీ, ఆకలేసినప్పుడు నా కంచంలో చెయ్యి పెట్టేంత చనువు ఎవరికీ ఇవ్వలేదు. మొన్నీమధ్య ఎల్ఫుల పుణ్యమా అని మళ్ళీ ఆమె ముందు కూర్చోవలసి వచ్చింది. ఎల్ఫులెవరో ముందు చెప్పాలి.

మేమిద్దరం ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చదువుకున్నాం. నాది మద్దేడ్ దగ్గర రోడ్డు దిగి లోపలికి వెళ్ళే ఊరు. ఆమెది భోపాలపట్నం వైపు, రోడ్డును ఆనుకునే ఉంటుంది. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. పక్కింటి వాళ్ళతో దోర్లి, అడవికి పోతే గోండి, బడిలో హిందీ. హాస్టల్లో మాత్రం హిందీ తప్ప ఇంకేం మాట్లాడినా వార్డెన్ మేడం గిన్నెలు తోమించేది. ఆమెకు వచ్చింది ఒక్క భాష, మాకు వచ్చినవి నాలుగు, తోమేది మాత్రం మేము.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో హిందీ డబ్బింగ్ సినిమా ఒకటి వేశారు. అందులో చెవులు మొనదేలిన తెల్లటి మనుషులు అడవిలో ఉంటారు. వాళ్ళను ఎల్ఫులంటారని సైన్సు సార్ చెప్పాడు. వాళ్ళ అడవిని చూసి మాకు నవ్వాగలేదు. ఒక్కరినీ దోమ కుట్టదు. ఒక్కరూ తునికాకు కోయరు, ఇప్పపువ్వు ఏరరు, మోకాలి పైకి చీర ఎగదోపరు. సినిమా అయిపోయేదాకా ఏం తింటారో కూడా తెలియలేదు. వాళ్ళందరికీ రేషన్ కార్డు ఉండి ఉంటుందని నా స్నేహితురాలు తేల్చింది. పైగా వెయ్యేళ్ళు బతుకుతారట. అదే అడవిలో ఫారెస్టు గార్డు ఒక్కడున్నా సగం ఆయుష్షు ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే సరిపోయేది.

కానీ ఒక్క విషయం మమ్మల్ని పట్టేసింది. మధ్యమధ్యలో వాళ్ళు వాళ్ళ సొంత భాషలో మాట్లాడుకున్నారు. ఎవరికీ ముక్క అర్థం కాలేదు. అయినా వార్డెన్ మేడం నోరు తెరుచుకుని విన్నది గానీ ఎవర్నీ గిన్నెలు తోమమనలేదు. మాకు ఆశ పుట్టింది. గోండి కాదు, తెలుగు కాదు, ఎల్ఫు భాష అంటే ఆమె ఏం చేయగలదు?

మరుసటి రోజే మొదలుపెట్టాం. మెత్తటి అక్షరాలు మాత్రమే వాడాలని నియమం పెట్టుకున్నాం. ల, న, వ, మ, స. చెట్టుకు లూమ, చందమామకు నీలొవి, వాగుకు సవాలి. ఒకే ఒక్క మాట కోసం నియమం తప్పాం. వార్డెన్‌కు గడ్డగోర్ అని పేరు పెట్టాం. రెండు రోజుల్లో వంద మాటలు తయారయ్యాయి, అన్నీ నావే. మూడో రోజు చూసుకుంటే మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. లూమ. నీలొవి. సవాలి. గడ్డగోర్. ఒకటో తరగతి గోడ మీది బొమ్మలు చదివినట్టుంది.

"ఇట్ల కాదే," అంది నా స్నేహితురాలు చేతిపంపు దగ్గర కంచం కడుగుతూ. "చాడీ చెప్పాల్నంటే 'కానీ' కావాలె. సాకు చెప్పాల్నంటే 'ఎందుకంటే' కావాలె. నీతోని కొట్లాడాల్నంటే 'అయితే ఏంది' కావాలె. నీ చెట్లూ చందమామలూ నువ్వే ఉంచుకో. చిన్న మాటలు నాకియ్యి."

అలా భాషను పంచుకున్నాం. పెద్ద మాటలు నావి, చిన్న మాటలు ఆమెవి. లెక్కల నోటుపుస్తకం వెనక సగంలో నాగరి అక్షరాలతో మాటకొక పేజీ పెట్టింది. తెలుగు అక్షరాలు అప్పటికి మా ఇద్దరికీ రావు. నేను చాలా ఏళ్ళ తర్వాత, మిరపకాయ బజ్జీలు చుట్టిన పేపర్లు చదివి నేర్చుకున్నాను. ఇప్పటికీ కొన్ని ఒత్తులు నాకు నూనె మరకల్లాగే కనిపిస్తాయి.

మొదటి గొడవ 'మరియు' దగ్గర వచ్చింది. హిందీలో ఔర్ ఉంది కదా, ఎల్ఫులకూ ఒకటి పెడదామన్నాను.

"మనం అమ్మా నాన్నా అంటం. అమ్మ మరియు నాన్న అని ఎవరంటరే? పెండ్లి కార్డా మనం?" అంది. ఎల్ఫులు కూడా మనలాగే మాట చివర సాగదీయాలని తీర్మానించింది. లూమా నీలొవీ. వినడానికి బాగానే ఉంది. నేను ఒప్పుకోలేదు, ఆమె రాసేసింది. 'కానీ'కి మెవు, 'అందుకే'కి సెలా, 'ఇంకా'కు ఓని, 'అప్పటికే'కు నవిలె. ఇవన్నీ రాసిన తర్వాతే నాకు చెప్పేది. పుస్తకం వార్డెన్ లాక్కుంటుందని భయం, అందుకని కొత్త మాట తయారైన రోజు నా అరచేతిలో పెన్నుతో రాసేది. అన్నం తినేలోపు బట్టీ పట్టి చెయ్యి కడిగేయాలి.

నిన్నకూ రేపుకూ కలిపి వేలా అని ఒకటే మాట పెట్టింది. హిందీలో కల్ ఒక్కటే ఉంది, మేడం రోజూ కల్ కల్ అంటూనే బతికేస్తోంది, వెయ్యేళ్ళు బతికేవాళ్ళకు నిన్నేంది, రేపేంది అని ఆమె వాదన. ఆ తర్వాత వారం వచ్చింది. వారానికీ సంతకూ కలిపి ఒకటే మాట పెట్టింది. సిలో. పోయిన సిలో, ఈ సిలో, వచ్చే సిలో.

"ఎల్ఫులకు సంతెక్కడిదే?" అన్నాను.

"సంత లేకపోతే ఉప్పు ఎక్కడికెల్లి తెచ్చుకుంటరు? అడవిల ఉప్పు కాస్తదా?"

సిలో అని నా అరచేతిలో రాసేసింది.

కాలం చెప్పే ఈ మాటల మీద ఆమెకు అంత మోజు ఎందుకో నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. ఆమెకు నర్సు కావాలని ఉండేది. తోటలో సొరకాయకు తుమ్మముల్లుతో ఇంజెక్షన్ వేసి, ఎల్ఫు భాషలో దాన్ని ప్రశ్నలు అడిగేది. జ్వరం ఎప్పటి నుంచి? ఇంకా ఉందా? అప్పుడప్పుడు వస్తుందా, ఎప్పుడూ ఉంటుందా? సొరకాయ తరఫున నేను జవాబు చెప్పాలి. ఆ సొరకాయలు హాస్టల్ కూరలోకే వచ్చేవి. అందులో ముళ్ళు విరిగి ఉన్నాయేమోనని మేమిద్దరం మాత్రం ఏరుకుని తినేవాళ్ళం.

పన్నెండో తరగతి అయిపోయాక ఎవరి ఊరికి వాళ్ళం చేరాం. ఫలితాలు వచ్చేసరికి ఆమె మలేరియాతో మంచం మీద ఉంది. మార్కుల కాగితం, కుల పత్రం, బడి వదిలిన పత్రం, ఆమెవి కూడా నేనే సంతకం పెట్టి తెచ్చాను. నీలం రంగు ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి మా ఇంటి ట్రంకు పెట్టెలో దాచాను. నర్సింగ్ కౌన్సెలింగ్‌కు ఆ అసలు కాగితాలు కావాలి. మా ఊళ్ళో అప్పటికి ఫోన్ అందేది కాదు. సంతలు తిరిగే గాజులాయనే మాకు పోస్టాఫీసు. మా సంత శనివారం. ఆమె ఊరి సంత మంగళవారం. ఒక శనివారం గాజులాయన మా సంతలో దుకాణం పరుస్తూనే నన్ను కేకేశాడు.

"బిడ్డా, నీ దోస్తు చెప్పింది. వచ్చే సంతకు కాగితాలు పట్టుకురమ్మంది."

హాస్టల్లో ఉన్నంతకాలం మా ఇద్దరికీ ఉన్నది ఒకే సంత. ఇప్పుడు ఎవరి సంత వాళ్ళకుంది. ఆమె మంగళవారం వాళ్ళ సంతలో పొద్దంతా ఎదురుచూసింది. నేను తర్వాతి శనివారం మా సంతలో నీలం ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో గురువారం కౌన్సెలింగ్ అయిపోయింది. శనివారం మధ్యాహ్నం వాళ్ళ నాన్న వచ్చాడు. ఫైలు తీసుకుని, తెరిచి చూసి, మూసి, "సీటు పాయె బిడ్డా" అన్నాడు. ఉప్పు కూడా కొనకుండా వెళ్ళిపోయాడు.

ఇదీ నేను అందరికీ చెప్పిన కథ. వినేవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. సంతల లెక్కతో తమకు జరిగినవి కూడా చెప్పేవాళ్ళు, పెళ్ళికి వారం ఆలస్యంగా వెళ్ళిన మేనమామల గురించీ, కర్మ అన్నం తప్పిపోయిన వియ్యంకుల గురించీ. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని.

మా ఆయన మేనత్త కొడుకు ఒకాయన హైదరాబాదులో ఫోన్లలో ఆడే ఆటలు తయారుచేసే చోట పనిచేస్తాడు. పోయిన ఎండాకాలం ఒక పెళ్ళిలో కలిశాడు. ఆటలో ఎల్ఫులున్నారనీ, వాళ్ళ పెద్ద పెద్ద మాటలన్నీ కంప్యూటరే పుట్టించిందనీ, చిన్న మాటల దగ్గరే చెడుతోందనీ చెప్పాడు. కానీ, అందుకే, ఇంకా, ఇప్పుడే లాంటివి లేకుండా ఎల్ఫులు ఊరికే పేర్లు అరుస్తున్నారట. కోడి పలావు నోట్లో ఉండగానే నేను, "భాష మొత్తం నా దగ్గరుంది" అనేశాను. గొప్పలు చెప్పుకోవడంలో మా ఇంట్లో నన్ను మించిన వాళ్ళు లేరు. భాష మొత్తం నా దగ్గర లేదు. నా దగ్గరున్నవి చెట్లూ చందమామలూ. అతుకులన్నీ ఆమె దగ్గరున్నాయి.

మాటలు అడగడం ఒక సాకు అని బస్సెక్కినప్పుడే నాకు తెలుసు. ఆమె లేక నాకు పన్నెండేళ్ళుగా వెలితిగా ఉంది. ఎవరిమీదైనా మంచి చాడీ దొరికిన ప్రతిసారీ అది చెప్పుకోవడానికి మనిషి లేక లోపలే పాడైపోయింది. నన్ను మళ్ళీ రానిస్తుందా, లేదా, నాకు తెలియవలసింది అదొక్కటే. కావాలనే మంగళవారం బయల్దేరాను. జగదల్‌పూర్ నుంచి బీజాపూర్, అక్కడి నుంచి మద్దేడ్ మీదుగా ఇంకో బస్సు. కంగారు తెలియకుండా దారంతా వేరుశనగలు తిన్నాను.

నర్సు కాలేదు గానీ ఆమె ఇప్పుడు ఆ ఊరి మితానిన్. ఊళ్ళో జ్వరాలూ కాన్పులూ చూసుకునే ఆరోగ్య కార్యకర్తను మా రాష్ట్రంలో అలా అంటారు. మితానిన్ అంటే స్నేహితురాలని అర్థం. అంటే ప్రభుత్వం వారి లెక్కలో ఆమె ఊరందరికీ స్నేహితురాలు, నాకు తప్ప. మంగళవారం సంతలో, ఎండుచేపల వరుస పక్కన టార్పాలిన్ కింద మందుల పెట్టెతో కూర్చుంటుందని బస్టాపులోనే చెప్పారు.

జ్వరం వాళ్ళ వరుస ఉంది. వెళ్ళి వరుసలో కూర్చున్నాను. ఇంకేం చేయాలో తోచలేదు. నా వంతు వచ్చేసరికి ఆమె తల దించుకుని రిజిస్టరులో రాస్తోంది. కొంచెం లావైంది. కళ్ళజోడు వచ్చింది.

"జరమెప్పటి సంది?" అంది తలెత్తకుండానే. "ఇంకా ఉన్నదా? అప్పుడప్పుడొస్తదా, ఎప్పుడూ ఉంటదా?"

నేను సొరకాయ గొంతుతో, "వేలా" అన్నాను.

పెన్ను ఆగింది. తలెత్తి కళ్ళజోడు మీంచి నన్ను చూసింది. నా వేలు పట్టుకుని, దూదితో తుడిచి, సూదితో గుచ్చింది. అంత లోతుగా గుచ్చడానికి మలేరియా పరీక్షకు అవసరం లేదు. రక్తపు చుక్క పరీక్ష పట్టీ మీద వేసి, రెండు చుక్కల మందు వేసి, "పావుగంట కూసోవాలె" అంది.

జ్వరం లేదని నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. వరుసలో మిగిలిన ముసలాయనకు మాత్రలిచ్చి పంపేసింది. పెట్టెకు అటు పక్క ఆమె, ఇటు పక్క నేను, మధ్యలో ఆ పట్టీ.

"ఏం కావాలె?" అంది.

హైదరాబాదు సంగతి, ఆట సంగతి, చిన్న మాటల సంగతి గబగబా చెప్పాను.

"గందుకా వచ్చినవ్?"

"కాదు," అన్నాను. ఎండుచేపల వాసన, పక్కనెవరో గొడ్డలికి పిడి బేరమాడుతున్నారు. ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ బస్సులో వేరుశనగలు తినాల్సిందే. చెప్పేశాను.

గాజులాయన మాట చెప్పిన రోజే మా అమ్మ, "ఎవరి సంతనే?" అని అడిగింది. మనదే అన్నాను. మనది కాదని నాకు అనుమానంగానే ఉంది. కాగితాలు ఆమెవి, పట్టుకురమ్మన్నదీ ఆమే, సంత ఆమెదే అవుతుంది గానీ నాదెందుకవుతుంది? కానీ మంగళవారం మా చిన్నమ్మ వాళ్ళు పిల్లాడి పుట్టెంట్రుకలు తీయించడానికి జీపులో భద్రాచలం వెళుతున్నారు. నన్నూ రమ్మన్నారు. అక్కడ పుల్ల ఐసు కొనిపెడతామన్నారు. నేను అంతకుముందు జీపు ఎక్కలేదు, ఐసు తినలేదు. అనుమానాన్ని ట్రంకు పెట్టెలో, ఫైలు మీద పెట్టి మూతేశాను. జీపు ఆమె ఊరి సంత ముందు నుంచే పోయింది. టార్పాలిన్లు కనిపించాయి. ఆమె చెప్పిన సంత ఇదేనని అప్పుడు ఖాయంగా తెలిసింది. దుమ్ము లేస్తోందని చెప్పి చున్నీ ముఖం మీదికి లాక్కున్నాను.

ఇది నేను మా ఆయనకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె పట్టీని పెట్టె నీడలోకి జరిపింది.

"ఏ ఐసు?" అంది.

"నారింజ రంగుది."

"మంచిగుండెనా?"

అబద్ధం చెప్పాలనిపించింది. "మంచిగుండె," అన్నాను. ఏడుపొచ్చింది. సంతలో అందరి ముందూ, ఎండుచేపల పక్కన, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

"నాకు తెల్సు," అంది ఆమె. "నువ్వు జీపుల ఎనక కూసున్నవ్. పచ్చ చున్నీ. నిన్ను చూసి చెయ్యి ఊపిన. ముంగట చోటు లేక ఆపలేదేమో, తిరిగొచ్చేటప్పుడు దిగి ఇస్తదిలే అనుకున్న. సంత లేచిపోయేదాక ఆడనే నిలబడ్డ."

జీపు తిరిగొచ్చింది ఇంకో దారిన. ఆ మాట కూడా నేను చెప్పవలసి వచ్చింది.

"ఏం మనిషివే నువ్వు," అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "లెక్క తప్పిందని ఊరందరికీ చెప్పుకున్నవట గదా. గాజులాయన చెప్పిండు. సంత ఏం తప్పు చేసిందే? శనివారం శనివారమే వచ్చింది, మంగళవారం మంగళవారమే వచ్చింది."

నా దగ్గర ఒక్క సాకూ మిగల్లేదు. ఎల్ఫు భాషలో 'ఎందుకంటే'కు ఏం పెట్టిందో కూడా గుర్తు రాలేదు. తప్పు నాదేనని చెప్పాను, తెలుగులో. ఆమె అవునంది.

పావుగంట అయింది. పట్టీ తీసి చూసింది. ఒకటే గీత.

"నీకేం రోగం లేదు," అని రిజిస్టరులో రాసుకుంది. ఇంటి పేరు అడగకుండానే రాసింది.

చిన్న మాటల పుస్తకం అడిగాను. చెదలు తిన్నాయంది. కానీ ఒక్క మాటా మర్చిపోలేదట. రోజూ జ్వరాల వాళ్ళను అడిగేది ఆ మాటలే కదా, మెవు, సెలా, ఓని, నవిలె, నోట్లో తిరుగుతూనే ఉంటాయంది. హైదరాబాదుకు మాత్రం ఒక్కటీ పంపనంది. "ఉప్పు కొననోళ్ళకు మన మాటలెందుకే?" అంది. తర్వాత ఆయనకు ఫోన్ చేసి భాషను చెదలు తిన్నాయని చెప్పాను. ఆట బయటికి వచ్చింది. అందులో ఎల్ఫులు ఇప్పటికీ చెట్టు, చందమామ, కత్తి అని విడివిడిగా అరుచుకుంటున్నారు.

బస్సుకు టైమైంది. లేచి నిలబడ్డాను. రానిస్తుందో లేదో ఇంకా తెలియలేదు. నా నోరు అలవాటు కొద్దీ, "వచ్చే సంతకు మళ్ళీ రానా?" అనేసింది. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆమె నా చెయ్యి లాగి, గుచ్చిన వేలును పక్కకు వంచి, రిజిస్టరు రాసే పెన్నుతో అరచేతిలో రాసింది. మంగళవారం. తారీఖు కూడా వేసింది. దాని కింద, పొద్దున పది గంటలు. ఆఫీసు కాగితం మీద రాసినట్టు గీత కూడా గీసింది.

"బస్సుల కిటికీ పక్కన కూసో," అంది. "చెయ్యి ఊపుత."